పచ్చ వైరు

ఆ అమ్మాయికి ఇంట్లో పెట్టిన పేరు ఒకటి ఉంది. హాజరు పిలిచేటప్పుడు తప్ప దాన్ని ఎవరూ వాడరు. చదివే వృత్తి బళ్ళో అందరికీ ఆమె టెస్టరు. ఎప్పుడు చూసినా జడలో కరెంటు ఉందో లేదో చూసే టెస్టరు ఒకటి గుచ్చుకుని తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. మిగతా ఆడపిల్లలందరూ కుట్టుపని షెడ్డుకో, కంప్యూటరు గదికో పోతే ఈమె ఒక్కతే ఎలక్ట్రికల్ షెడ్డులోకి నడిచింది. మొదట్లో మగపిల్లలు ముసిముసిగా నవ్వారు. ఏడాది తిరిగేసరికి, బోర్డులో ఏదైనా కాలితే ఆ మగపిల్లలే "టెస్టరూ, ఒక్కసారి వచ్చి చూడవా" అని బతిమాలడం మొదలుపెట్టారు.

ఆమెను ఆ షెడ్డులోకి పంపింది పిన్ని. తల్లి పోయాక పెంచి పెద్దచేసింది ఆవిడే. "ఆడపిల్లకి స్తంభాలెక్కే చదువేంటి?" అని బాబాయి ఇల్లు ఎగిరిపోయేలా అరిస్తే, "స్తంభమే ఎక్కుతుందో చెట్టే ఎక్కుతుందో, నాలాగా బకెట్లు మొయ్యకుండా ఉంటే చాలు" అని పిన్ని ఒక్క మాటతో ఆయన నోరు మూయించింది. పిన్ని ఊళ్ళో పసిపిల్లల బడిలో ఆయా. పిల్లలు తాగేది, కడుక్కునేది, పారబోసేది అంతా ఆవిడ మోసుకొచ్చిన నీళ్ళే. ఊరి చివర చేతిపంపు, ఊరి మధ్య బడి. మధ్యలో పిన్ని నడుము. ఆ నడుము కొన్నాళ్ళుగా మొరాయిస్తోంది. వంగితే లేవనంటుంది, లేస్తే వంగనంటుంది.

టెస్టరు చదివే వృత్తి విద్యాలయం ఆ ఊరికి దూరంగా పొలాల మధ్య ఉంటుంది. వారాంతాల్లో తప్ప ఆమె మకాం అక్కడి హాస్టల్లోనే. ఏడాదికోసారి ఆ బళ్ళో సేవావారం జరుగుతుంది. ఏడాది పొడుగునా షెడ్డుల్లో విరగ్గొట్టిందీ అతికించిందీ ఎవరికీ తెలియదు కానీ, ఆ వారం మాత్రం పిల్లలు పనిముట్లు భుజాన వేసుకుని చుట్టుపక్కల ఊళ్ళ మీద పడతారు. వడ్రంగం పిల్లలు బల్లలు బాగుచేస్తారు. బాగుచేశాక వాటిలో సగం కొత్తగా ఊగడం మొదలుపెడతాయి. ఈసారి కుట్టుపని పిల్లలు పసిపిల్లల బడి కిటికీలకు తెరలు కుట్టారు. కొలత తీసింది ఒకరు, కత్తిరించింది ఇంకొకరు. దాంతో ఆ తెరలు పొట్టి లాగుల్లా కిటికీ సగం దాకా వచ్చి ఆగిపోయాయి. ఎవరూ ఏమీ అనలేదు. చిన్నపిల్లలు, పాపం ఇష్టంగా చేశారు అని మెచ్చుకుని, టీలిచ్చి పంపారు. తెర పొట్టిదైతే ఎండ లోపలికొస్తుంది, అంతకంటే కొంప మునిగేదేమీ లేదు. కరెంటు పని అలా కాదు.

ఈసారి ఎలక్ట్రికల్ వాళ్ళు ఏం చేయాలా అని విద్యార్థి సంఘం కూర్చున్నప్పుడు, వీధి దీపాలు పెడదామన్నారు మగపిల్లలు. ఫొటోలో బాగా పడతాయి కదా. టెస్టరు ససేమిరా అంది. పసిపిల్లల బళ్ళో కింద నీళ్ళ తొట్టి ఉంది, దాంట్లోకి ఇకనుంచి వారానికోసారి ట్యాంకరు నీళ్ళు నింపుతామన్నారు, ఆ పైన ఒక మోటారు పెట్టి కుళాయి బిగిస్తే ఒక మనిషి నడుము నిలబడుతుంది అని సంఘం చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఆ మనిషి ఎవరో అందరికీ తెలుసు. "మీ పిన్ని కోసమని చెప్పరాదూ, ఇంత ఉపన్యాసం ఎందుకూ" అని నవ్వి ఒప్పుకున్నారు.

ఇక్కడ ఆ షెడ్డు సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకపోతే తర్వాత జరిగింది ఎవరికీ అర్థం కాదు.

వైరింగులో మూడు వైర్లుంటాయి. ఎర్రది ఫేజు, అంటే కరెంటును మోసుకొచ్చేది. నల్లది న్యూట్రలు, దాన్ని వెనక్కి తీసుకుపోయేది. పచ్చది ఎర్తు. మోటారు ఒంటికి ఎక్కడైనా కరెంటు పాకితే దాన్ని మట్టిలోకి వదిలేసి మనిషి ప్రాణం నిలబెట్టేది అదే. ఏ ఇంట్లో చూసినా అంతే, ఏ పుస్తకంలో చూసినా అంతే. ఆ షెడ్డులో మాత్రం అంతా తారుమారు. కొన్నేళ్ళ కిందట ఏదో కంపెనీ మూతపడుతూ, గోదాములో మిగిలిన వైరంతా ఈ బడికి దానమిచ్చింది. అదంతా పచ్చ వైరే. గుట్టలు గుట్టలుగా ఉంది. ఎర్ర వైరు కొందామంటే పెద్దసారు ఎప్పుడూ వచ్చే నెల అనేవాడు. చివరికి ఎలక్ట్రికల్ మాస్టారు ఒక ఉపాయం కనిపెట్టాడు. "ఫేజుకి పొడుగు వైరు కావాలి, ఎర్తుకి జానెడు ముక్క చాలు. మన షెడ్డులో పచ్చది ఫేజనుకోండి, ఈ మిగిలిన ఎర్ర ముక్కలు ఎర్తనుకోండి. బయట మాత్రం ఇది తలకిందులు. బుర్రలో పెట్టుకోండి."

అందరూ బుర్రలోనే పెట్టుకున్నారు. పరీక్షలో రాయమంటే తప్పు లేకుండా రాశారు. నోటికి తెలుసు, కలానికి తెలుసు. రోజూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పని చేసిన చేతికి మాత్రం షెడ్డు లెక్క ఒక్కటే తెలుసు.

మోటారూ, మూడు రంగుల కొత్త వైరూ ఊరివాళ్ళే కొనిచ్చారు. సేవావారంలో వాళ్ళు మోటారు బిగించిన రోజు ఊళ్ళో కరెంటు లేదు. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి అప్పటికే కొన్ని రోజులైంది. గది లోపల స్విచ్చుబోర్డు దగ్గర ఇద్దరు మగపిల్లలు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో వైరుకూ ఒకరినొకరు అడుగుతూ, చీమల్లా పని చేశారు. వాళ్ళు బిగించింది సరిగ్గానే ఉంది. పెరట్లో మోటారు చివర మాత్రం టెస్టరు ఒక్కతే చేసింది. పుస్తకం ఎందుకు, కళ్ళు మూసుకున్నా బిగించగలదు. పక్కన పిన్ని నిలబడి పసిపిల్లలందరినీ పోగేసి, "చూడండ్రా, మా అమ్మాయే! దీనికి కరెంటంటే భయం లేదు, కరెంటుకే దీన్ని చూస్తే భయం" అని గొప్పలు పోతోంది. టెస్టరుకు సిగ్గూ సంతోషమూ కలిసి చెవులు ఎర్రబడ్డాయి. స్క్రూలు చకచకా తిరిగాయి.

మాస్టారు వచ్చి మోటారు మూత లోపలికి తొంగిచూశాడు. ఫేజు స్క్రూ కింద పచ్చ వైరు కనబడింది. షెడ్డులో రోజూ కనబడేదే అక్కడా కనబడింది. "బంగారం!" అని మూత బిగించేశాడు. కరెంటు లేదు కాబట్టి వేసి చూడలేదు. కరెంటొచ్చాక తనొచ్చి పరీక్ష చేసి, అప్పుడు అప్పగిస్తానన్నాడు. పని అప్పగించే పద్ధతి కూడా అదే. కానీ వెళ్ళబోతూ టెస్టరు పిన్ని చెయ్యి పట్టుకుని గోడ మీది స్విచ్చు దగ్గరికి తీసుకెళ్ళి, "కరెంటు రాగానే ఇది నొక్కు పిన్నీ. ఇంక నువ్వు ఆ పంపు మొహం చూడక్కర్లేదు" అంది. పరీక్ష సంగతి ఆమెకు గుర్తులేక కాదు. పిన్నిని ఒక్క రోజు కూడా ఆగమనడానికి మనసొప్పలేదు.

సేవావారం అయిపోయింది. మర్నాడు మధ్యాహ్నం టెస్టరు షెడ్డులో కూర్చుని, మిగిలిపోయిన కొత్త వైరుతో అభ్యాసం బోర్డు ఒకటి సర్దుతోంది. ఎర్ర వైరు చక్కగా, మెత్తగా, కొత్త వాసనతో ఉంది. దాన్ని కోసింది, చివర ఒలిచింది, స్క్రూ కింద పెట్టి బిగించింది. బిగించాక చూసుకుంది. ఎర్తు స్క్రూ.

ఆమె నవ్వుకుంది. చేతికి ఎంత పొగరు, ఎర్ర వైరు కనబడితే చాలు ఎర్తుకే పోతోంది అనుకుంది. విప్పబోయి ఆగిపోయింది.

మొన్న పెరట్లో ఈ చెయ్యి ఏం చేసింది?

గుర్తు తెచ్చుకుందామని కళ్ళు మూసుకుంది. పిన్ని నవ్వు గుర్తొచ్చింది, పిల్లల గోల గుర్తొచ్చింది, మాస్టారు 'బంగారం' అనడం గుర్తొచ్చింది. మాస్టారు మూత బిగించే ముందు ఆయన భుజం మీదుగా తనూ ఒకసారి చూసింది. ఫేజు స్క్రూ కింద పచ్చగా ఏదో మెరిసింది. తనకు అప్పుడు ముచ్చటేసింది కూడా. లోపల బోర్డులో ఫేజు ఎర్ర వైరులో బయల్దేరింది. ఆ ఎర్ర వైరు కొస మోటారు దగ్గర ఎర్తు స్క్రూకు, అంటే మోటారు ఇనప ఒంటికి తగిలించి ఉంది. స్విచ్చు నొక్కితే మోటారు తిరగదు. కానీ మోటారు ఒళ్ళు, పైన ఇనప పైపు, ఆ పైపుకున్న కుళాయి, అన్నిట్లోనూ కరెంటు పారుతుంది. కింద తడి నేల.

ఇంకా కరెంటు రాలేదు కదా, ట్రాన్స్‌ఫార్మరు ఇంకా పెట్టలేదు కదా అని లేచి నిలబడేసరికి, గుమ్మంలో లైన్‌మన్ కనబడ్డాడు. మంచినీళ్ళ కోసం వచ్చాడు. చొక్కా అంతా నూనె మరకలు. చెంబెత్తి గటగటా తాగి, మూతి తుడుచుకుంటూ, "మీ ఊరికి లైనిచ్చేశానమ్మా. ట్రాన్స్‌ఫార్మరు ఎక్కించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది" అన్నాడు.

"ఎప్పుడు?"

"ఇప్పుడే, ఇటొస్తూనే లైన్లోకి కరెంటు వదలమని సబ్‌స్టేషనుకి ఫోన్లో చెప్పాను. ఏం, అలా ఉన్నావేంటి?"

టెస్టరు ఫోను తీసి పిన్నికి కొట్టింది. స్విచాఫ్. బాబాయికి కొట్టింది. స్విచాఫ్. పసిపిల్లల బడి టీచరమ్మకు కొట్టింది, పక్కింటి అత్తకు కొట్టింది. అన్నీ అంతే. అన్ని రోజులు కరెంటు లేని ఊళ్ళో ఎవరి ఫోను బతికుంటుంది? ఇప్పుడు కరెంటు వచ్చింది కాబట్టి అందరూ ఫోన్లు గోడకు తగిలించి ఉంటారు. పిన్ని మాత్రం ముందు ఫోను దగ్గరికి పోదు. ముందు ఆ స్విచ్చు దగ్గరికే పోతుంది.

"మాస్టారూ!" అని ఆమె పెట్టిన కేకకు పక్క షెడ్డులో వెల్డింగు ఆగిపోయింది.

మాస్టారు పరిగెత్తుకొచ్చాడు. ఆమె చెప్పింది. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, ఊపిరి అందలేదు, అయినా ఆయనకు మొదటి రెండు మాటలకే అర్థమైంది. మొహం పాలిపోయింది. "నేను చూశానే... నేనే కదా మూత బిగించింది..." అని గొణిగాడు.

"లైను ఆపించండి. ఇప్పుడే. లైన్‌మన్ గారూ, సబ్‌స్టేషనుకి కొట్టండి."

"ఆగాగు" అన్నాడు మాస్టారు. ఆయన చెడ్డవాడు కాదు. కానీ మనిషి గుండెలో భయంతోపాటు పరువు కూడా కాపురముంటుంది, ఎప్పుడూ అదే ముందు లేస్తుంది. "బండి తీస్తాను, చిటికెలో పోయి మనమే ఆపేద్దాం. లైను ఆపించాలంటే కారణం చెప్పాలి. బడి పేరు చెప్పాలి. మనం వైరింగు చేసిన ప్రతి ఇంటివాళ్ళూ అనుమానిస్తారు..."

"గట్టు రోడ్డు చుట్టి వెళ్ళేసరికి పిన్ని ఉండదు సార్!"

ఆ మాట అన్నాక ఆమెకే భయమేసింది. లైన్‌మన్ అప్పటికే ఫోను చెవిన పెట్టుకున్నాడు. అవతలి ఆపరేటరు ఎత్తాడు కానీ ఒప్పుకోలేదు. ఇప్పుడే ఇచ్చిన లైను ఇప్పుడే ఎలా తీస్తాం, ఆ లైను మీద ఎన్ని ఊళ్ళున్నాయో తెలుసా, పైవాళ్ళకి ఏం చెప్పను, రాసుకోవడానికి కారణం కావాలి అంటున్నాడు. "ఏదో మోటారు ఫాల్టట సార్... ఎవరిదంటే... అదీ..." అని లైన్‌మన్ మాస్టారి మొహంకేసి చూశాడు. మాస్టారు నేలచూపులు చూశాడు.

టెస్టరు ఫోను లాక్కుంది. "సార్, నేను వృత్తి బళ్ళో ఎలక్ట్రికల్ చదువుతున్నాను. పసిపిల్లల బడి మోటారుకి కనెక్షను నేనిచ్చాను, తప్పిచ్చాను. ఫేజు తీసి ఎర్తుకి పెట్టాను. మా పిన్ని స్విచ్చు నొక్కి కుళాయి పట్టుకుంటుంది, పక్కనంతా పసిపిల్లలుంటారు. కారణం రాసుకోవాలంటే నా పేరే రాసుకోండి. తర్వాత నన్నేమన్నా చెయ్యండి. ముందు తియ్యండి సార్, దణ్ణం పెడతాను, తియ్యండి!"

అవతల ఠప్పుమని ఏదో ఇనప చప్పుడు. "తీశాను తల్లీ. వెళ్ళు" అన్నాడు ఆ మనిషి.

బండి మీద మాస్టారు వెనక కూర్చుని గట్టు రోడ్డు పొడుగునా ఆమె ఒక్కటే మాట అనుకుంటూ పోయింది. నడుము నొప్పని పిన్ని ఇవాళ పడుకుని ఉండాలి. పడుకుని ఉండాలి. ఎన్నిసార్లో ఆ నడుము బాగుపడాలని కోరుకుంది, ఇప్పుడు అదే నడుము మొరాయించి ఉంటే బాగుండునని ఏడుస్తోంది. మాస్టారు గుంతలు చూడ్డం లేదు. బండి ఎగిరెగిరి పడుతోంది. ఎదురుగా ఊరు కనబడింది. అరుగుల మీద మనుషులు విసనకర్రలు ఊపుకుంటూ, ఇలా ఇచ్చి అలా తీసేశాడని కరెంటువాణ్ణి నోటికొచ్చినట్టు తిడుతున్నారు. ఆ తిట్లు చెవిన పడుతుంటే ఆమెకు కొంచెం ప్రాణం లేచొచ్చింది. అయితే తీసింది ఎప్పుడు? పిన్ని నొక్కక ముందా, తర్వాతా?

పసిపిల్లల బడి దగ్గర చప్పుడు లేదు. ఎప్పుడూ కాకుల గూడులా ఉండే ఆ చోట చప్పుడు లేకపోవడం చూసి ఆమె బండి ఆగకముందే దూకింది. పిల్లలంతా వరండాలో గోడకు అతుక్కుని నిలబడ్డారు. ఒక్కడు కూడా ఏడవడం లేదు. పెరట్లో మోటారుకు కొంచెం దూరంలో పిన్ని గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. జుట్టు ఊడిపోయింది. పక్కన బకెట్టు పడి ఉంది. టీచరమ్మ ఆవిడ తల తన భుజానికి ఆనించుకుని గాలి విసురుతోంది. పిన్ని కుడి చెయ్యి తెల్ల గుడ్డలో చుట్టి ఉంది.

కళ్ళు తెరిచే ఉన్నాయి. అవి కదిలాయి. టెస్టరును చూశాయి.

టెస్టరు వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది.

"వచ్చావా తల్లీ" అంది పిన్ని. నాలుక తడబడుతోంది. "కంగారు పడకు. బానే ఉన్నాను. స్విచ్చు నొక్కాను, అది పలకలేదు. నీళ్ళు చుక్క రావడంలేదేంటా అని కుళాయి పట్టుకున్నాను. అంతే, చెయ్యి వదల్లేదే. లాక్కుందామంటే రాదు. అరుద్దామంటే నోరు రాదు. అన్నీ కనబడుతున్నాయి, పిల్లలు కనబడుతున్నారు, దగ్గరికి రావద్దని చెప్పలేకపోయాను. ఇంతలో కరెంటు పోయింది, కిందపడ్డాను. ఏ మారాజు తీశాడో..."

మాస్టారు గదిలోకి పరిగెత్తి మోటారు ఫ్యూజు ఊడబెరికి జేబులో వేసుకున్నాడు. బయటికొచ్చి ఆ పడున్న బకెట్టును చూస్తూ నిలబడిపోయాడు.

పిన్ని టెస్టరు చెవి దగ్గరికి వంగింది. "నీకో మాట చెప్పనా. మీ మాస్టారికి తెలియనీకు. నా చెయ్యి తడిగా ఉందే. గిన్నెలు కడుగుతూ అలాగే వచ్చి పట్టుకున్నాను. నువ్వెన్నిసార్లు చెప్పావో, తడి చేత్తో ముట్టుకోవద్దని. తప్పు నాదే. నీ పనికి మాట రానివ్వను."

ఆ మాటకు టెస్టరుకు భోరుమని ఏడుపొచ్చింది. తిట్టి ఉంటే ఓర్చుకునేది. నాలుగు తగిలించినా ఓర్చుకునేది. మూతి కూడా సరిగ్గా తిరగని మనిషి, చచ్చి బతికిన మనిషి, ముందుగా తన పరువు మూటకట్టి దాచిపెడుతోంది.

ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు గుండె పరీక్ష చేసి, అదృష్టం బాగుంది, ఇంకొంచెం సేపు పట్టుకుని ఉంటే మాటలుండేవి కావన్నాడు. అరచేతికి మందు రాసి కట్టు కట్టాడు. ఒక రాత్రి ఉంచుకుంటామన్నాడు. వార్డులో మంచం పక్కన స్టూలు మీద కూర్చుని టెస్టరు చెప్పేసింది. పచ్చ వైరు, ఎర్ర వైరు, షెడ్డు లెక్క, అంతా చెప్పింది. పరీక్ష చేయకముందే స్విచ్చు నొక్కమన్నది కూడా తనేనని చెప్పింది. "నువ్వు తడి చేత్తో పట్టుకోలేదు పిన్నీ. పొడి చేత్తో పట్టుకున్నా అంతే. నేనే నిన్ను చంపబోయాను."

పిన్ని చాలాసేపు ఆమెకేసి చూసింది. ఆ చూపులో కోపం లేదని చెప్తే అబద్ధమవుతుంది. తర్వాత పైకప్పుకేసి చూసింది.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"సబ్‌స్టేషనుకి ఫోన్లో చెప్పాను. లైన్‌మన్ విన్నాడు. ఈపాటికి ఊరంతా చెప్పేసుంటాడు."

"వాడి నోట్లో నువ్వుగింజ కూడా నానదు" అంది పిన్ని విసుగ్గా. కాసేపటికి మళ్ళీ, "ఇంక నిన్ను ఎవరు ఇంట్లోకి రానిస్తారే, వైరు ముట్టుకోనిస్తారా?" అంది. టెస్టరు తల వంచుకుంది. పిన్ని ఎడమ చేత్తో ఆ తల మీద ఒక్క మొట్టికాయ వేసింది. గట్టిగానే వేసింది. "పోయి సరిగ్గా బిగించు. అందరూ ఉన్నప్పుడే బిగించు. ఆ కుళాయి నేనే తిప్పుతాను, అందరి ముందూ. నేను తిప్పితే ఇంకెవడూ నోరెత్తడు."

రెండో రోజు సాయంత్రం పసిపిల్లల బడి పెరడంతా జనం. చూడ్డానికి వచ్చినవాళ్ళు కొందరు, తిట్టడానికి వచ్చినవాళ్ళు ఇంకొందరు. వృత్తి బడి పిల్లలు ఒక పక్కన గుంపుగా నిలబడ్డారు. కుట్టుపని పిల్లలు తమ పొట్టి తెరలకేసి చూడకుండా జాగ్రత్తపడుతున్నారు. పెద్దసారు కూడా వచ్చాడు. వచ్చే నెల అంటూ వాయిదా వేసిన ఎర్ర వైరు ఆ రోజు పొద్దున్నే షెడ్డుకు చేరిపోయిందని పిల్లలు గుసగుసలాడుకున్నారు. పాత పచ్చ వైరంతా మాస్టారు తనే లాగి బయట కుప్ప పోశాడు. తర్వాత ఊరివాళ్ళ ముందుకొచ్చి, "అమ్మాయి తప్పు ఎంతో నాది అంతకు రెండింతలు. అలా బిగించడం నేర్పిందీ నేనే, చూసి బాగుందన్నదీ నేనే. ఫోనులో నిజం చెప్పింది మాత్రం తనొక్కతే" అన్నాడు. ఎవరో ఒక పెద్దాయన "ఆ తెలివేదో ముందుండాలయ్యా" అన్నాడు. మాస్టారు తలూపాడు.

టెస్టరు మోటారు ముందు కూర్చుని మూత విప్పింది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. పచ్చ వైరు విప్పింది, ఎర్ర వైరు విప్పింది. ఒక్కో స్క్రూ దగ్గరా చెయ్యి తన దారిన తను పోబోయింది. ఒక్కో స్క్రూ దగ్గరా దాన్ని ఆపి, పుస్తకం చూసి, పైకి చదివి, బోర్డు దగ్గర నిలబడ్డ మగపిల్లల చేత అవుననిపించుకుని బిగించింది. తన చెయ్యే తనకు పరాయిదైపోయింది. అంతమంది చూస్తుండగా ఆ చిన్న పనికి ఎంత సేపు పట్టిందో చెప్పలేం. ఫ్యూజు పెట్టారు. స్విచ్చు నొక్కారు. మోటారు గుర్రుమంది. జడలోంచి టెస్టరు తీసి మోటారు ఒంటికి ఆనించింది, పైపుకు ఆనించింది, కుళాయికి ఆనించింది. దాని దీపం వెలగలేదు. చివరికి తన అరచెయ్యి చాపి కుళాయి మీద పెట్టి అలాగే నిలబడింది.

"చాల్లే, జరుగు" అంటూ పిన్ని వచ్చింది. కట్టు కట్టిన చెయ్యి ఛాతీకి ఆనించుకుని, ఎడమ చేతిలో బకెట్టు పట్టుకుంది. మొహం నిండా నవ్వు పులుముకుంది. "ఏంటి అలా చూస్తారు, సినిమానా? మా అమ్మాయి బిగించింది, నేను తిప్పుతున్నాను. ఇంకెవరికైనా అనుమానముంటే ఇంటికెళ్ళి దాహంతో కూర్చోండి" అంది. కొందరు నవ్వారు. బకెట్టు కింద పెట్టింది. ఎడమ చెయ్యి చాపింది.

చెయ్యి కుళాయికి జానెడు దూరంలో ఆగిపోయింది.

పిన్ని దానికేసి చూసింది, ఎవరిదో చెయ్యిని చూసినట్టు. మళ్ళీ చాపింది. వేళ్ళు ముడుచుకున్నాయి, వెనక్కి వచ్చేశాయి. మొహం మీద నవ్వు అలాగే ఉంది కానీ నుదుటి నిండా చెమట పట్టింది. మూడోసారి కళ్ళు గట్టిగా మూసుకుని చాపింది. ఈసారి చెయ్యి అంత దూరం కూడా పోలేదు. తొట్టి మీద మోటారు గుర్రుమంటూనే ఉంది.

"చెయ్యి మాట వినట్లేదే" అంది పిన్ని, టెస్టరుకు ఒక్కదానికే వినబడేలా. చిన్నపిల్ల సంజాయిషీ చెప్పుకున్నట్టు అంది. "నాకేం భయం లేదమ్మా. నిజంగా లేదు. చెయ్యే..."

టెస్టరుకు ఆ మాట అర్థమైనంతగా అక్కడ ఇంకెవరికీ అర్థం కాలేదు. ఆమె కుళాయి తిప్పింది. నీళ్ళు ధారగా పడ్డాయి. టీచరమ్మ వచ్చి చేతులు కడుక్కుంది. అది చూసి పిల్లలు ఒక్కొక్కరే తోసుకుంటూ వచ్చారు. ఊరివాళ్ళు మోటారు బాగుందనుకుంటూ, మాస్టారికి నాలుగు జాగ్రత్తలు చెప్పి కదిలారు. అందరూ వెళ్ళేదాకా పిన్ని నవ్వుతూనే నిలబడింది.

తర్వాత ఖాళీ బకెట్టు ఎడమ చేత్తో తీసుకుని, ఎవరికీ చెప్పకుండా, ఊరి చివర చేతిపంపు వైపు నడవడం మొదలుపెట్టింది. నడుము ఒక పక్కకు వంగిపోయింది. కుళాయి కింద నీళ్ళు పడుతూనే ఉన్నాయి. టెస్టరు స్విచ్చు ఆపి, కుళాయి కట్టేసి ఆవిడ వెనకే పరిగెత్తింది. బకెట్టు అందుకుంది. పిన్ని వదల్లేదు. ఇద్దరూ దాన్ని చెరో పక్కా పట్టుకుని పంపు దాకా నడిచారు.